మధుమేహం - కొలత, అదుపు

మధుమేహాన్ని మన పల్లెల్లో చక్కెర వ్యాధి అంటారు. పట్టణాల్లో షుగర్ అన్న మాటే తెలుగై కూర్చున్నది. ఉర్దూలో దీనికి జియాబీతస్ అని పేరు. రోగి మూత్రం తేనె వలె తియ్యనై చీమలను రప్పించుకొంటుందని గమనించిన మన ప్రాచీన వైద్యులు దీనిని మధుమేహమన్నారు. వెయ్యి సంవత్సరాల క్రిందట ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథమైన 'అల్ ఖానూన్'లో ఈ వ్యాధి లక్షణాలను వివరిస్తూ మూత్రపు తీపిని, అవయవాలు కుళ్ళిపోయే ప్రమాదాన్ని పేర్కొన్నాడు. ఏ భాషలో ఏ పేరు పెట్టినా నాటి వైద్యునికి వ్యాధిని పట్టే ఆధారం మూత్రమొక్కటే. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో తెలుసుకొనే మార్గం ఆయనకు లేదు. ఆ మహావైద్యునికి అందని అంకె ఈనాడు మన రాజుపాలెంలో ఒక నెత్తురు చుక్కతో ఐదారు సెకనులలో తెలుస్తున్నది. అయినా ఆ అంకెను చూచుకొనేవారు తక్కువ, చూచుకొన్నా దాని అర్థం తెలిసినవారు మరింత తక్కువ. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఇదే.

మేము వైద్యులము కాము, తెలుగు పాఠం చెప్పుకొనేవారము. ఏ మాత్ర ఎంత మోతాదులో వేసుకోవాలో చెప్పే అధికారం మాకు లేదు, ఈ వ్యాసంలో ఆ ప్రయత్నమూ లేదు. కాని ఒక అంకెను చదవడం, వ్రాసి పెట్టుకోవడం, అది పెరిగినదా తగ్గినదా అని పోల్చి చూడడం అక్షరాస్యతకు సంబంధించిన పనులు. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో అందరికంటె ఎక్కువ చదివినవాడు ఆ విద్యార్థియే. ప్రొద్దుటూరు ప్రయోగశాల నుండి ఇంగ్లీషులో వచ్చిన పరీక్షా పత్రాన్ని అబ్బాజాన్ గాని, అవ్వ గాని వాని చేతికే ఇచ్చి "ఏముందో చూడు నాయనా" అంటారు. ఆ పత్రం చదవడం వానికి వచ్చి తీరవలెను.

ఇది కూర్చొని తినే ధనవంతుల వ్యాధి అనే నమ్మకం ఇంకా పోలేదు. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త పరిశీలన ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమున్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో నిలిచి ఉన్నారు. పల్లెలు దీనికి మినహాయింపు కావు. ఉభయ గోదావరి ప్రాంతపు గ్రామాలలో జరిపి 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో ముప్ఫై ఏండ్లు దాటినవారిలో సుమారు 13 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. ఇక మన కుందూ తీరపు నల్లరేగడిలో శనగ వేసే రైతుకు రాదని చెప్పడానికి ఆధారమేమున్నది?

మనం తిన్న అన్నమైనా, సంగటి అయినా, రొట్టె అయినా కడుపులో అరిగి చివరకు గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. అది రక్తం నుండి కండరాలలోని కణాలలోకి పోవడానికి ఇన్సులిన్ అనే రసం కావలెను. దీనిని క్లోమగ్రంథి తయారు చేస్తుంది. కొందరిలో, ముఖ్యంగా పిల్లలలో, ఆ రసం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. వీరికి ఇన్సులిన్ సూదిమందు ప్రాణాధారం. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఆ మందు ఇచ్చేవరకు అట్టి పిల్లలు బ్రతకడమే అరుదు. మిగిలినవారిలో, అంటే మనం చూచే రోగులలో అత్యధికులలో, ఇన్సులిన్ ఉన్నా చాలినంత ఉండదు, ఉన్నది సరిగా పనిచేయదు. చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. రక్తంలో నిలిచిన చక్కెర నొప్పి పెట్టదు. రక్తంలో ఒక డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేవరకు మూత్రపిండాలు చక్కెరను బయటికి వదలవు. ఆ హద్దు దాటిన తరువాతనే మాటిమాటికి మూత్రం, తీరని దాహం, బరువు తగ్గడం మొదలైనవి కనిపిస్తాయి. 160, 170 వద్ద సంవత్సరాల తరబడి ఉన్న మనిషికి ఏ బాధా తెలియదు. "నాకేమీ లేదు, బాగానే ఉన్నాను, మాత్రలు ఎందుకు?" అని ఆయన అనే మాటలో అబద్ధం లేదు. నిజంగానే ఆయనకు బాగున్నట్లే ఉంటుంది. ఆ సమయంలోనే కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలు, మూత్రపిండాల జల్లెడలు, పాదాల నరాలు మెల్లమెల్లగా చెడుతుంటాయి. అరికాలు మొద్దుబారి ముల్లు గుచ్చుకొన్నా తెలియని స్థితి వచ్చేనాటికి చాలా కాలం గడిచిపోయి ఉంటుంది.

పాత రోజులలో బెనెడిక్ట్ ద్రావకంతో మూత్రాన్ని కాచి పరీక్షించేవారు. రసాయనశాస్త్ర విద్యార్థులకు ఆ నీలిరంగు ద్రవం పరిచితమే. చక్కెర ఉన్నకొద్దీ అది ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగులకు మారుతుంది. చూడముచ్చటైన పరీక్షే గాని, 180 దాటే వరకు చాలామందిలో అది నీలంగానే ఉండిపోతుంది, చక్కెర ప్రమాదకరంగా పడిపోయినప్పుడు కూడా అంతే నీలంగా ఉంటుంది. కనుకనే రక్తపరీక్ష తప్పనిసరియైనది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఎంత అనుభవమున్న వర్తకుడైనా నగను కంటితో చూచి వెల కట్టడు. గీటురాయి మీద గీసి, త్రాసులో తూచిన తరువాతనే మాట్లాడతాడు. ఒక్క సవరపు బంగారానికి ఇచ్చే మర్యాదను మన కంటికి, కాలికి ఇవ్వకపోవడం వింతగా ఉన్నది.

అదుపు వలన నిజంగా మేలున్నదా అన్న సందేహం ఒకప్పుడు వైద్యులకే ఉండేది. 1993లో అమెరికా, కెనడాలలో 1,441 మంది మొదటి రకం రోగులపై జరిగిన దీర్ఘ పరిశోధన దానిని తీర్చినది. తరచుగా కొలిచి చక్కెరను గట్టిగా అదుపులో ఉంచుకొన్నవారిలో కంటిపొర వ్యాధి ముప్పు 76 శాతం తగ్గినది. 1998లో ఫలితాలు ప్రకటించిన బ్రిటన్ పరిశోధన రెండవ రకం రోగులలో సైతం సన్నని రక్తనాళాలకు కలిగే హాని 25 శాతం తగ్గినట్లు తేల్చినది.

ఇక పరీక్షా పత్రంలోని అంకెలను చూద్దాము. రాత్రి భోజనం తరువాత కనీసం 8 గంటలు ఏమీ తినకుండా పరగడుపున చేసే పరీక్షలో 100 లోపు ఉంటే సాధారణం. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126, ఆ పైన ఉంటే మధుమేహం. అయితే రోగలక్షణాలు లేనివారికి మరొకసారి పరీక్షించి నిర్ధారణ చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి 2 గంటల తరువాత చేసే పరీక్షలో 140 లోపు సాధారణం, 200 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. ఇవి వ్యాధి ఉన్నదా లేదా అని తేల్చే అంకెలు. వ్యాధి ఉన్నవారు చేరవలసిన గమ్యం వేరు. ఈ తేడా తెలియక అనేకులు కంగారు పడతారు. మందులు వాడే పెద్దలకు సాధారణంగా పరగడుపున 80 నుండి 130 మధ్య, భోజనానంతరం 180 లోపు ఉండవలెనని చెబుతారు. ముదుసలికి, గుండె జబ్బున్నవారికి వైద్యుడు ఇంకా సడలింపు ఇస్తాడు. గర్భిణికి మరింత బిగింపు ఉంటుంది. భోజనానంతర పరీక్షకు 2 గంటలను మొదటి ముద్ద నోట పెట్టినప్పటి నుండి లెక్కించాలి, చేయి కడిగినప్పటి నుండి కాదు.

మూడవది హెచ్‌బీ ఏ1సీ అనే పరీక్ష. దీని వెనుక ఒక ఆసక్తికరమైన కథ ఉన్నది. 1960ల చివర ఇరాన్ రాజధాని తెహరాన్‌లో సామ్యూల్ రహబర్ అనే శాస్త్రజ్ఞుడు మధుమేహ రోగుల రక్తంలో హిమోగ్లోబిన్ కొంత మారిన రూపంలో అధికంగా ఉండడాన్ని గమనించాడు. ఎర్ర రక్తకణం సుమారు 120 దినాలు బ్రతుకుతుంది. ఆ కాలమంతా రక్తంలో ఉన్న చక్కెర దానికి అంటుకొంటూ పోతుంది. కనుక ఈ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది. 5.7 శాతం లోపు సాధారణం. 6.5, ఆ పైన మధుమేహం. రోగులలో అనేకులకు 7 లోపు గమ్యం. 7 శాతమంటే సగటున 154 మిల్లీగ్రాములని, 8 అంటే 183 అని లెక్క. పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుండి మంచి అంకె తెచ్చుకొనేవారిని మేము ఎరుగుదుము. పరగడుపు పరీక్ష వారి చేత మోసపోవచ్చును గాని ఇది మోసపోదు. అయితే దీనికీ ఒక లోపమున్నది. రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చును. మన స్త్రీలలో రక్తహీనత విస్తారం కనుక హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో కూడా పక్కన చూడడం మంచిది.

ఇంట్లో వాడే గ్లూకోమీటరును గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. పరికరం చిన్నదైనా దానిని వాడడంలో జరిగే తప్పులు చాలా ఉన్నవి. మామిడిపండు కోసిన చేతితో, బెల్లం ముట్టిన వేలితో పరీక్షిస్తే వచ్చేది మామిడిపండు చక్కెరే. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, ఆరిన తరువాత గుచ్చాలి. తడి చేతితో గుచ్చితే రక్తం పలుచనై అంకె తగ్గుతుంది. వేలి కొసన నరాలెక్కువ, పక్క భాగాన నొప్పి తక్కువ. వేళ్ళను మార్చుతూ పోవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరచి ఉంచరాదు, గడువు తేదీ చూడాలి. మన ఎండలకు కిటికీ దగ్గర పెట్టిన స్ట్రిప్పులు చెడిపోతాయి. ఒకరి సూదిని మరొకరు వాడరాదు, ఒక ఇంటివారైనా సరే.

మీటరు అంకెను వేదవాక్కుగా కూడా తీసుకోరాదు. 100, ఆ పైన ఉన్న అంకెలకు 15 శాతం అటునిటు తేడాను అంతర్జాతీయ ప్రమాణాలే అనుమతిస్తున్నాయి. అంటే మీటరు 150 చూపితే అసలు విలువ 130 కావచ్చు, 170 కావచ్చు. నిన్న 142, నేడు 151 వచ్చినదని దిగులు పడడం వ్యర్థం. ఒక్క అంకెకు కాదు, వరుసకు విలువ. అందువల్లనే నోటు పుస్తకం కావాలి. తేదీ, వేళ, అంకె, తిన్నది, వేసుకొన్న మందు, నడక, జ్వరమో జలుబో ఉంటే ఆ సంగతి అని గీతలు గీసి వ్రాస్తే చాలు. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు "ఒకోసారి ఎక్కువ, ఒకోసారి తక్కువ ఉంటుందండీ" అని చెప్పడానికీ, ఆ పుస్తకం చేతిలో పెట్టడానికీ చాలా భేదమున్నది.

ఆ పుస్తకంతో చేయదగిన పరీక్షలలో ఉత్తమమైనది జంట పరీక్ష. భోజనానికి ముందొకసారి, మొదటి ముద్ద తరువాత 2 గంటలకొకసారి చూచి, రెండింటి తేడా వ్రాయాలి. ఏ భోజనం మన శరీరంలో ఏమి చేస్తున్నదో ఆ తేడాయే చెబుతుంది. మన జిల్లాలో రాగి సంగటి షుగరుకు మందు వంటిదని, ఎంత తిన్నా దోషం లేదని ఒక నమ్మకమున్నది. ఇది సగం నిజం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు, పీచు 11 గ్రాములు ఉంటాయి. తెల్ల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. పీచు ఎక్కువ కనుక రాగి మేలు, సందేహం లేదు. కాని 67 గ్రాములు కూడా చక్కెరగానే మారుతుంది. పైగా మన సంగటిలో సగానికి సగం బియ్యపు నూకలే ఉంటాయి. పిడికెడంత ముద్దకు, రెండు పిడికిళ్ళ ముద్దకు తేడా మీటరులో స్పష్టంగా కనిపిస్తుంది. అన్నం సగానికి తగ్గించి, ఆకుకూర పప్పు, వేరుసెనగ చట్నీ, గుడ్డు వంటివి పెంచిన రోజున ఆ తేడా ఎంత తగ్గినదో కూడా కనిపిస్తుంది. మాంసాహారం ఉన్న ఇండ్లలో మాంసం కంటె దానితో తినే బిర్యానీ అన్నమే చక్కెరను లేపుతుందని చెబితే చాలామంది నమ్మరు. జంట పరీక్ష చేసి చూడవచ్చును.

"రాత్రి ఏమీ తినలేదు, ఉదయాన 170 ఎట్లా వచ్చింది?" అన్నది తరచుగా వినబడే ప్రశ్న. తెల్లవారుజామున శరీరం మేలుకొనడానికి సిద్ధమవుతూ కాలేయం నుండి తన నిల్వ చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ చాలని వారిలో అది నిలిచిపోతుంది. రాత్రి పస్తుండడం దీనికి విరుగుడు కాదు. జ్వరం, పుండు, నిద్రలేమి, కొన్ని కీళ్ళనొప్పుల మందులు కూడా చక్కెరను పెంచుతాయి. భోజనం తరువాత పావుగంట నడక తగ్గిస్తుంది.

ఎక్కువను గురించి ఇంత చెప్పి తక్కువను గురించి చెప్పకపోవడం ప్రమాదకరం. చక్కెర 70 కంటె తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక మాటలు కలుగుతాయి. ఎక్కువ చక్కెర ఏండ్ల మీద చేసే హానిని తక్కువ చక్కెర గంటలో చేయగలదు. అట్టి స్థితిలో 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ కొలవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. తేరుకొన్న వెంటనే కొంత ఆహారం పెట్టాలి. స్పృహ లేనివారి నోటిలో నీరు గాని, పంచదార గాని పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. 108కు ఫోను చేయాలి.

మన కళాశాల పాలకవర్గానికి ఇక్కడ ఒక విన్నపం. ముప్ఫై ఏండ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చక్కెర పరీక్ష ఉచితంగా చేయడం ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే. ఇప్పుడు భుజానికి అంటించుకొంటే రెండు వారాలు నిరంతరం కొలిచే సాధనాలు కూడా వచ్చాయి గాని వాటి ఖరీదు మన కుటుంబాలకు మించినది. మామూలు మీటరు ఖరీదు పెద్దది కాదు, భారమంతా స్ట్రిప్పులది. రోజూ నాలుగుసార్లు కొలవడం అందరికీ అవసరం కాదు. ఇన్సులిన్ వాడేవారికి తరచుగా కావాలి. మాత్రలతో నిలకడగా ఉన్నవారికి వారానికి రెండు జంట పరీక్షలు, మూడు నెలలకో ఆరు నెలలకో ఒక ఏ1సీ అని వైద్యుడు చెప్పవచ్చును. కళాశాలలో ఒక మీటరు, కొన్ని స్ట్రిప్పులు ఉంచి, రంజాన్‌కు రెండు నెలల ముందు విద్యార్థుల తల్లిదండ్రులను ఆరోగ్య సిబ్బంది సమక్షంలో ఒక పూట పిలిస్తే అయ్యే వ్యయం వార్షికోత్సవపు షామియానా ఖర్చుకంటె తక్కువ.

రంజాన్ అని ఎందుకన్నామో చెప్పాలి. మన పల్లెల్లో రోజాను ఒక్కపొద్దు అంటారు. సహరీ నుండి ఇఫ్తార్ వరకు 13, 14 గంటలు అన్నం నీళ్ళు లేకుండా గడపడం మధుమేహ రోగికి సామాన్య విషయం కాదు. 2001లో 13 దేశాలలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో రెండవ రకం రోగులలో 79 శాతం మంది కనీసం 15 ఒక్కపొద్దులు ఉన్నట్లు తేలినది. వారిలో ఆసుపత్రికి చేర్చవలసినంత తీవ్రంగా చక్కెర పడిపోయే ఘటనలు మిగతా నెలలతో పోలిస్తే ఏడున్నర రెట్లు పెరిగాయి. ఖురాన్ వ్యాధిగ్రస్తునికి, ప్రయాణికునికి ఉపవాసం నుండి సడలింపు ఇచ్చినది. ఆ దినాలను తరువాత పూర్తి చేయవచ్చును, అదీ చేతకానివారు పేదలకు అన్నం పెట్టవచ్చును. ఇది తెలిసీ మన పెద్దలు ఒక్కపొద్దు వదలరు. నలుగురు ఉన్నప్పుడు తామొక్కరే తినడం వారికి తలవంపుగా తోస్తుంది. వారి భక్తిని మనం ప్రశ్నించనక్కరలేదు. ముందుగా వైద్యుని చూచి, వేలు గుచ్చి చూచుకొంటూ ఉండమని ఒప్పించడం మన పని.

వేలు గుచ్చితే రోజా విరిగిపోతుందనే అనుమానం వలన పగలు పరీక్ష మానేవారు ఎక్కువ. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ పరీక్ష కొరకు రక్తం తీయడం వలన గాని, పోషకద్రవాలు కాని సూదిమందుల వలన గాని ఉపవాసం భంగం కాదని తీర్మానించినది. ఇంట్లో ఇంకా సంశయముంటే మసీదులోని ఇమామ్ సాహెబును అడిగించడం ఉత్తమం. విద్యార్థి మాటకంటె ఆయన మాట పెద్దలకు రుచిస్తుంది.

ఆరు నుండి ఎనిమిది వారాల ముందు వైద్యుని చూడాలి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి చక్కెర పడిపోయే భయం ఎక్కువ. మోతాదు, వేళ రెండూ మారవలసి వస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం స్వల్పం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, ఇటీవల చక్కెర పడి స్పృహ తప్పినవారు, గర్భిణులు ఉపవాసం ఉండరాదని వైద్యులు గట్టిగా చెబుతారు. ఉండేవారు సహరీకి ముందు, మధ్యాహ్నం, అసర్ వేళ, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ తరువాత 2 గంటలకు కొలవాలి. ఒంట్లో తేడా అనిపించిన ప్రతిసారీ కొలవాలి. 70 కంటె తగ్గినా, 300 దాటినా ఆ క్షణమే ఒక్కపొద్దు విడవాలి. ఇఫ్తార్‌కు ఇంకా అరగంటే ఉన్నదని ఆగడం ప్రాణాంతకం కావచ్చును. సహరీని ఆలస్యంగా, పీచు, పప్పు ఉన్న ఆహారంతో చేయడం, ఇఫ్తార్‌లో ఒకటి రెండు ఖర్జూరాలతో ఆగి షర్బత్తులకు దూరంగా ఉండడం, రాత్రి నీరు బాగా త్రాగడం మంచిది. తరావీహ్ నమాజు కూడా ఒక వ్యాయామమే, దానిని లెక్కలో చేర్చుకోవాలి.

పండుగ దినాన షీర్ ఖుర్మా వద్దనడం ఎవరి తరమూ కాదు. ఒక చిన్న గిన్నెడు తీసుకొని, 2 గంటల తరువాత కొలిచి, ఆ అంకెను పుస్తకంలో వ్రాయాలి. రంజాన్ కొరకు మార్చిన మందుల వేళలను పండుగ మరునాటి నుండి వైద్యుడు ముందే వ్రాసి ఇచ్చిన చీటీ ప్రకారం పాత పద్ధతికి తేవాలి. ఆ చీటీని మొదటిసారి వెళ్ళినప్పుడే అడిగి తీసుకొని పుస్తకం అట్టకు అంటించి ఉంచుకోవాలి.